పోస్ట్‌గ్రెస్ లాగ్‌ను సొంత ప్రోగ్రామ్‌కి మళ్లిస్తే: పైపు నిండినప్పుడు ఆగేదెవరు?

క్లుప్తంగా

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తన పనుల గురించి రాసే చిట్టాను, అంటే లాగ్‌ను, ఫైల్లోకి కాకుండా సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌కి పంపడానికి విడిగా ఒక సెట్టింగ్ లేదు. దారులు మాత్రం ఉన్నాయి: షెల్ పైపు (ఒక ప్రోగ్రామ్ రాసింది నేరుగా ఇంకోదానికి అందించే దారి), నేమ్‌డ్ పైపు (ఫైలులా పేరున్న పైపు), సిస్‌లాగ్ (ఆపరేటింగ్ సిస్టమ్ లాగ్ సేవ), సర్వర్ లోపలి హుక్ (సొంత కోడ్ తగిలించే చోటు), లేదంటే మామూలుగా ఫైల్లోకి రాయించి ఆ ఫైలును వెనకే చదువుతూ పోవడం. వీటి మధ్య అసలు తేడా కమాండ్లలో లేదు. ప్రోగ్రామ్ నెమ్మదిస్తే డేటాబేస్ ఆగుతుందా, లాగ్ లైన్లు పోతాయా అన్నదాంట్లో ఉంది. రెండూ జరగకూడదంటే మధ్యలో డిస్క్ ఉండాలి, ఆ డిస్క్‌కీ ఓ హద్దు ఉంటుంది.

ఈ అవసరం ఎక్కడ పుడుతుంది

చిన్న సర్వర్‌కి లాగ్ ఫైల్లో పడి ఉంటే చాలు, ఏదైనా తేడా వస్తే తీసి చూసుకోవచ్చు. సర్వర్లు పదీ ఇరవై అయ్యాక కథ మారుతుంది. తప్పు పాస్‌వర్డ్‌తో వచ్చే ప్రయత్నాలు ఒక్కసారిగా పెరిగితే వెంటనే ఫోన్ మోగాలి, క్వెరీల్లో కనిపించే ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు డిస్క్ మీద పడకముందే చెరిగిపోవాలి, అన్ని సర్వర్ల లాగ్ ఒకేచోట వెతుక్కునేలా ఉండాలి. కంటైనర్లలో అయితే లోపల ఫైలు రాసుకుని లాభం లేదు, కంటైనర్‌తో పాటే ఫైలూ పోతుంది. దీనికి తోడు మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఐటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు, భారత పరిధిలోనే ఉంచాలి. ఆరు నెలల లాగ్‌ను డేటాబేస్ మెషీన్ మీదే పేర్చుకుంటూ పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు, ఎక్కడికో ఒక చోటికి తరలించాల్సిందే.

అప్పుడు మొదట వచ్చే ఆలోచన ఇదే: మధ్యలో ఫైలు దేనికి, నేరుగా ప్రోగ్రామ్‌కే ఇచ్చేస్తే పోలా? అపాచీ వెబ్ సర్వర్ వాడినవాళ్లకి ఇది అలవాటైన పని. లాగ్ ఫైలు పేరు రాయాల్సిన చోట నిలువు గీత పెట్టి ప్రోగ్రామ్ పేరు రాస్తే అపాచీయే దాన్ని నడుపుతుంది, అది కూలిపోతే మళ్లీ లేపుతుంది. పోస్ట్‌గ్రెస్ కాన్ఫిగ్ ఫైల్లో అలాంటి గీత కోసం ఎంత వెతికినా దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే ఒక లాగ్ లైను పుట్టిన చోటి నుంచి దాని వెంట నడవాలి.

లైను పుట్టాక ఎటు పోతుంది

పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్. 100 కనెక్షన్లు ఉంటే 100 ప్రాసెస్‌లు, వాటికి తోడు వెనకాల పనులు చేసే చెక్‌పాయింటర్, ఆటోవాక్యూమ్ లాంటివి, అన్నిటినీ పుట్టించే పోస్ట్‌మాస్టర్. లాగ్ రాయాల్సి వచ్చినప్పుడు ప్రతి ప్రాసెసూ తన లైనును తానే స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే ఫైల్ డిస్క్రిప్టర్ 2 లోకి రాసేస్తుంది. విడిగా లాగ్ కోసం వేచి ఉండే దారం (థ్రెడ్) ఏదీ ఆ ప్రాసెస్‌లో లేదు, క్వెరీ నడిపే చెయ్యే లాగ్ కూడా రాస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ఆ డిస్క్రిప్టర్ 2 అవతలి కొస ఎక్కడుందన్నది సర్వర్‌ని ఎలా లేపారన్నదాన్ని బట్టి ఉంటుంది. లాగింగ్ కలెక్టర్ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే అది పోస్ట్‌మాస్టర్‌కి వారసత్వంగా వచ్చిన చోటికే పోతుంది: టెర్మినల్‌కో, ఫైలుకో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ జర్నల్‌కో. ఆన్‌లో ఉంటే పోస్ట్‌మాస్టర్ ఒక పైపు తెరిచి, అటువైపు కలెక్టర్ అనే ప్రాసెస్‌ని కూర్చోబెడుతుంది, ఫైళ్లు రాసేదీ తిప్పేదీ అదే. 2005లో వచ్చిన 8.0 వెర్షన్‌లో ఇది వేరే పేరుతో మొదలైంది. 2008 నాటి 8.3లో ఇప్పటి పేరు, దాంతో పాటు సీఎస్‌వీ లాగ్ వచ్చాయి. జేసన్ లాగ్ కోసం 2022లో వచ్చిన 15 దాకా ఆగాల్సి వచ్చింది.

కలెక్టర్ చేసే పనిలో ఒక నేర్పు ఉంది. లినక్స్‌లో 4096 బైట్ల లోపు రాత పైపులోకి ఒకే ముక్కగా వెళ్తుందని, మధ్యలో ఇంకొకరి రాత దూరదని కెర్నెల్ హామీ ఇస్తుంది. అంతకు మించితే ఆ హామీ లేదు. అందుకే పోస్ట్‌గ్రెస్ పొడవాటి లైనును ముక్కలు చేసి, ప్రతి ముక్క ముందు రెండు సున్నా బైట్లు, ముక్క పొడవు, ప్రాసెస్ నంబర్, ఇదే ఆఖరి ముక్కా కాదా అన్న గుర్తు పెట్టి పంపుతుంది. అవతల కలెక్టర్ ప్రాసెస్ నంబర్ చూసుకుని ముక్కల్ని మళ్లీ అతికిస్తుంది. కలెక్టర్ లేకుండా నేరుగా రాస్తే ఈ ముక్కల పద్ధతి ఉండదు. రెండు ప్రాసెస్‌లు ఒకేసారి పెద్ద పెద్ద క్వెరీలు లాగ్ చేస్తే ఒకదాని మధ్యలో ఇంకొకటి వచ్చి పడొచ్చు, చదివే ప్రోగ్రామ్‌కి కిచిడీ మిగులుతుంది.

ఇంకో మెలిక. సీఎస్‌వీ, జేసన్ రెండూ తయారయ్యేది కలెక్టర్ ఆన్‌లో ఉంటేనే. కలెక్టర్‌ని పక్కన పెట్టి సొంత ప్రోగ్రామ్ తగిలిస్తే, దానికి అందేది మామూలు టెక్స్ట్ మాత్రమే.

షెల్ పైపు, మొదట్లోనే వచ్చే చిక్కు

పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే ఒక దారి చూపించారు. సర్వర్‌ని లేపే, ఆపే పీజీ-కంట్రోల్ కమాండ్‌తో సర్వర్ స్టార్ట్ చేసి, దాని అవుట్‌పుట్‌ను పైపు ద్వారా అపాచీతో వచ్చే రొటేట్‌లాగ్స్ ప్రోగ్రామ్‌కి ఇవ్వడం, పక్కన 86400 అని సెకన్లు రాస్తే రోజుకో ఫైలు తయారవుతుంది. రొటేట్‌లాగ్స్ ఉన్న చోట సొంత ప్రోగ్రామ్ పెడితే పని అయిపోయినట్టే. కాగితం మీద ఇంతే.

చేసి చూసినవాళ్లలో కొందరికి మొదటి నిమిషంలోనే ఒక అయోమయం ఎదురవుతుంది. ప్రోగ్రామ్‌కి రెండు మూడు లైన్లు వచ్చి ఆగిపోతాయి. ఆఖరి లైన్లో, ఇకపై లాగ్ అంతా ఫలానా డైరెక్టరీలో కనిపిస్తుంది అని ఉంటుంది. కారణం కలెక్టర్. రెడ్‌హ్యాట్ తరహా లినక్స్‌ల ప్యాకేజీల్లో అది మొదటి నుంచే ఆన్‌లో వస్తుంది, వారానికి ఏడు ఫైళ్లు, సోమ మంగళ పేర్లతో. డెబియన్, ఉబుంటుల్లో ఆఫ్‌లో ఉంటుంది, అక్కడ ఫైలు తిప్పే పని లాగ్‌రొటేట్ చూసుకుంటుంది. కలెక్టర్ ఆన్‌లో ఉంటే అది లేచిన క్షణం నుంచి స్టాండర్డ్ ఎర్రర్ దాని వైపు తిరిగిపోతుంది, బయట తగిలించిన పైపులోకి ఇక చుక్క రాదు. ప్రోగ్రామ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చోవడం కంటే ఈ సెట్టింగ్ చూసుకోవడం నయం.

దీన్ని సరిచేసుకున్నాక ఉండే అసలు ప్రశ్నలు రెండు. ప్రోగ్రామ్ చనిపోతే ఏమవుతుంది, ప్రోగ్రామ్ బతికే ఉండి చదవకపోతే ఏమవుతుంది?

చనిపోతే జరిగేది నిశ్శబ్దం. పైపు అవతల ఎవరూ లేనప్పుడు రాస్తే మామూలు ప్రోగ్రామ్‌లు సిగ్‌పైప్ సిగ్నల్‌తో చచ్చిపోతాయి. పోస్ట్‌గ్రెస్ ఆ సిగ్నల్‌ని పట్టించుకోదు, రాత ఫెయిలైనా వదిలేసి తన పని తాను చేసుకుపోతుంది. క్వెరీలు హాయిగా నడుస్తుంటాయి, లాగ్ మాత్రం ఉండదు, లేదని చెప్పే లాగూ ఉండదు. ప్రోగ్రామ్‌ని మళ్లీ లేపినా లాభం లేదు, పాత పైపు కొస దానికి దొరకదు, సర్వర్‌నే రీస్టార్ట్ చేయాలి. సొంత కలెక్టర్ విషయంలో పోస్ట్‌గ్రెస్ ఈ జాగ్రత్త ముందే తీసుకుంది: పైపు చదివే కొసను కూడా పోస్ట్‌మాస్టర్ తెరిచే ఉంచుకుంటుంది. కలెక్టర్ పోయినా పైపు విరగదు, కొత్త కలెక్టర్ వచ్చి అక్కడి నుంచే అందుకుంటుంది. బయటి ప్రోగ్రామ్‌కి ఆ భాగ్యం లేదు.

చదవకపోతే జరిగేది ఇంకా ఘోరం.

నిద్రపోయే ప్రోగ్రామ్‌తో ఒక పరీక్ష

టెస్ట్ మెషీన్ మీద కలెక్టర్ ఆఫ్ చేసి, పైపు చివర ఏమీ చదవని ప్రోగ్రామ్ పెట్టండి. లినక్స్‌లో ఉండే స్లీప్ కమాండ్ చాలు. ప్రతి స్టేట్‌మెంట్‌ని లాగ్ చేసే సెట్టింగ్ పెట్టి, ఒక చిన్న సెలెక్ట్‌ని వరసగా కొట్టించండి. లైను సుమారు 130 బైట్లు అనుకుంటే, లినక్స్ పైపు మామూలుగా పట్టేది 65,536 బైట్లు కాబట్టి, దాదాపు 500 క్వెరీల దాకా ఏ తేడా తెలియదు. ఆ తర్వాతి క్వెరీ తిరిగి రాదు. గొంతులో వెలక్కాయ పడ్డట్టు అక్కడే ఉండిపోతుంది.

ఇప్పుడు డేటాబేస్ వైపు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందన్నది ఆసక్తికరం. సెషన్లు ఏం చేస్తున్నాయో చూపే స్టాట్ యాక్టివిటీ వ్యూలో ఆ సెషన్ యాక్టివ్ అనే ఉంటుంది, వెయిట్ ఈవెంట్ గడి ఖాళీగా ఉంటుంది. లాక్ కోసం ఆగితే లాక్ అని, డిస్క్ కోసం ఆగితే డిస్క్ అని చెప్పే పోస్ట్‌గ్రెస్ లాగ్ పైపు కోసం ఆగినప్పుడు ఏమీ చెప్పదు. పైనుంచి చూస్తే సీపీయూ మీద తెగ కష్టపడుతున్నట్టే ఉంటుంది, టాప్ కమాండ్‌లో చూస్తే సీపీయూ సున్నా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, లోపలి పరికరాలేవీ పట్టించవు, ప్రాసెస్ కెర్నెల్‌ని ఏం అడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ తగిలిస్తే తప్ప డిస్క్రిప్టర్ 2 మీద రాత మధ్యలో ఇరుక్కుందని తెలియదు. సెషన్‌ని తెంచే టెర్మినేట్ బ్యాకెండ్ ఫంక్షన్ పిలిచినా పోదు. ఆ సిగ్నల్ ఒక గుర్తు మాత్రమే పెడుతుంది, రాత పూర్తయ్యాకే దాన్ని చూస్తారు, రాత పూర్తి కాదు. విసుగొచ్చి కిల్ మైనస్ 9 కొడితే పోస్ట్‌మాస్టర్ దాన్ని క్రాష్ కింద లెక్కేసి అన్ని కనెక్షన్లనూ తెంచేసి రికవరీలోకి వెళ్తుంది.

ఆగిన సెషన్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అది ట్రాన్సాక్షన్ మధ్యలో ఉంటే పట్టుకున్న లాక్‌లన్నీ అలాగే పట్టుకుని ఉంటుంది, వాటి కోసం మిగతావాళ్లు క్యూ కడతారు. 15 నుంచి చెక్‌పాయింట్ లాగ్ డిఫాల్ట్‌గా ఆన్ కాబట్టి చెక్‌పాయింటర్ కూడా వచ్చి అదే పైపులో ఇరుక్కుంటుంది. పోస్ట్‌మాస్టరే ఏదో ఒక లైను రాయబోయి ఆగిందంటే ఇక కొత్త కనెక్షన్లు కూడా రావు.

పూర్తిగా నిద్రపోయే ప్రోగ్రామ్ ఎవరూ రాయరు, నిజమే. కానీ ఒక సెకను ఆగే ప్రోగ్రామ్‌లు అందరూ రాస్తారు. సెకనుకు 2000 క్వెరీలు, లైనుకు 150 బైట్లు అంటే సెకనుకు 3 లక్షల బైట్లు. 64 కేబీ పైపు సుమారు 0.22 సెకన్లలో నిండుతుంది. ప్రోగ్రామ్ తన మెమరీ శుభ్రం చేసుకునే గార్బేజ్ కలెక్షన్‌లోనో, నెట్‌వర్క్ అవతల పేరు వెతుక్కోవడంలోనో ఒక సెకను ఆగిందంటే మిగిలిన ముప్పావు సెకను పైచిలుకు డేటాబేస్ మొత్తం ఆగినట్టే. పైపు సైజు పెంచుకోవచ్చు, మామూలు యూజర్‌కి డిఫాల్ట్ హద్దు 1 ఎంబీ, అంటే మూడున్నర సెకన్ల ఊపిరి. అంతకు మించి ఆశపడటానికి లేదు.

ఇది బగ్ కాదు. లాగింగ్ కలెక్టర్ సందేశాలను ఎప్పుడూ పోగొట్టకుండా ఉండేలా చేశామని, అందువల్ల లోడ్ విపరీతంగా ఉండి కలెక్టర్ వెనకబడితే సర్వర్ ప్రాసెస్‌లు ఆగొచ్చని డాక్యుమెంటేషన్ తెలిసే ఒప్పుకుంటుంది. వాళ్లు ఎంచుకున్నది ఆగడం. కలెక్టర్ చేసే పని చాలా తక్కువ, అందుకుని ఫైల్లో పడేయడమే, కాబట్టి ఆ ఎంపిక మామూలు రోజుల్లో ఎవరికీ తెలియదు. అదే స్థానంలో నెట్‌వర్క్ మాట్లాడే, ప్యాటర్న్‌లు వెతికే, మెయిల్ పంపే ప్రోగ్రామ్‌ని పెడితే ఆ ఎంపిక బిల్లు చేతికొస్తుంది.

నేమ్‌డ్ పైపు: కలెక్టర్‌నే మోసగించడం

సీఎస్‌వీ కావాలి, ఫైలు వద్దు అనుకునేవాళ్లు చేసే ఉపాయం ఇది. కలెక్టర్ ఆన్‌లోనే ఉంచుతారు, అది రాయబోయే ఫైలు పేరుతో ముందే ఒక నేమ్‌డ్ పైపు తయారుచేసి పెడతారు, ఫైలు తిప్పే సెట్టింగ్‌లన్నీ సున్నా చేస్తారు. కలెక్టర్ ఫైలనుకుని రాస్తుంది, అవతల ప్రోగ్రామ్ చదువుకుంటుంది. ముక్కలు అతికించే పని కలెక్టరే చేసేస్తుంది కాబట్టి చదివే ప్రోగ్రామ్‌కి శుభ్రమైన రికార్డులు వస్తాయి.

కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో పోస్ట్‌గ్రెస్ నడిపే క్లౌడ్‌నేటివ్‌పీజీ సరిగ్గా ఇదే చేస్తుంది. కంటైనర్‌లో మొదట లేచేది దాని ఇన్‌స్టన్స్ మేనేజర్, పోస్ట్‌గ్రెస్‌ని లేపేది అదే. లాగ్‌ను సీఎస్‌వీగా నేమ్‌డ్ పైపులోంచి చదివి, ఒక్కో రికార్డును జేసన్‌గా మార్చి కంటైనర్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వదులుతుంది.

అక్కడ ఈ ఉపాయం పారడానికి కారణం ఆ వరస. నేమ్‌డ్ పైపును రాయడానికి తెరిస్తే, చదివేవాడు వచ్చేదాకా ఆ తెరవడమే ఆగిపోతుంది, యూనిక్స్ నియమం అది. పోస్ట్‌గ్రెస్ మొదటి లాగ్ ఫైలును పోస్ట్‌మాస్టర్‌లోనే తెరుస్తుంది, డైరెక్టరీలో రాసే అనుమతి ఉందో లేదో ముందే తేలిపోవాలని. అంటే చదివే ప్రోగ్రామ్ ముందు లేవకపోతే డేటాబేసే లేవదు, ఎందుకు లేవలేదో చెప్పే ఎర్రర్ కూడా ఉండదు. చదివేవాడినీ రాసేవాడినీ ఒకే ప్రాసెస్ అదుపులో పెట్టుకున్నప్పుడు ఈ వరసను పాటించడం తేలిక. మామూలు మెషీన్ మీద రెండు వేర్వేరు సర్వీసులుగా పెట్టి, రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చాక ఏది ముందు లేస్తుందో చూద్దాం అంటే అది టెన్షన్ పెట్టే ఏర్పాటే.

నెమ్మదిస్తే మాత్రం ఇక్కడా పాత కథే. ప్రోగ్రామ్ ఆగితే నేమ్‌డ్ పైపు నిండుతుంది, కలెక్టర్ ఆగుతుంది, కలెక్టర్ ముందున్న పైపు నిండుతుంది, క్వెరీలు ఆగుతాయి. బఫర్ ఒకటికి రెండైంది, అంతే.

సిస్‌లాగ్ వైపు నుంచి

లాగ్ డెస్టినేషన్‌ని సిస్‌లాగ్ అని పెడితే లైన్లు ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి పోతాయి. అక్కడ ఆర్‌సిస్‌లాగ్ అనే సిస్‌లాగ్ ప్రోగ్రామ్ ఉంటే దానిలో ఓఎంప్రోగ్ అనే మాడ్యూల్ ఉంది, వచ్చిన ప్రతి సందేశాన్నీ చెప్పిన ప్రోగ్రామ్ స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపుతుంది, ప్రోగ్రామ్ పోతే మళ్లీ లేపుతుంది, మధ్యలో క్యూ పెట్టుకోవచ్చు, ఆ క్యూ నిండితే డిస్క్‌లోకి పొంగేలా కూడా పెట్టుకోవచ్చు. అపాచీలో ఉన్న నిలువు గీతకు దగ్గరగా వచ్చేది నిజానికి ఇదే. సెటప్‌కి ఒక గంట పట్టినా, సొంత ప్రోగ్రామ్ తప్పనిసరి అనుకునేవాళ్లు మొదట చూడాల్సింది ఈ దారినే.

ఇక్కడి ఎంపిక కలెక్టర్‌కి తలకిందులు: సిస్‌లాగ్ రాయలేకపోతే పారేస్తుంది గానీ మిగతా సిస్టమ్‌ని ఆపదు అని పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్ అంటుంది. సిస్టమ్‌డీ జర్నల్‌లో ఈ పారేయడం అంకెల్లో కనిపిస్తుంది, డిఫాల్ట్‌గా ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 సందేశాలు దాటితే మిగతావి వదిలేసి, ఇన్ని వదిలేశాం అని ఒక లైను రాస్తుంది. సెకనుకు 2000 క్వెరీలు లాగ్ చేసే సర్వర్ ఆ కోటాను ఐదు సెకన్లలో తినేస్తుంది. అయితే పారేస్తుంది కదా అని మరీ ధీమాగా ఉండకూడదు. లినక్స్‌లో సిస్‌లాగ్ డెమన్ చావకుండా పూర్తిగా బిగుసుకుపోతే దాని సాకెట్ నిండి రాసేవాళ్లు కూడా ఆగిపోయే వీలుంది.

రూపం విషయంలోనూ చిన్న చిన్న నష్టాలున్నాయి. పాత సిస్‌లాగ్‌ల హద్దు 1024 బైట్లు కాబట్టి పోస్ట్‌గ్రెస్ ముందు చేరే వివరాలకు చోటు వదిలి, పొడవాటి సందేశాన్ని 900 బైట్లకు మించని ముక్కలు చేసి పంపుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ప్రతిదీ 3 బైట్లు, అంటే పేర్లూ చిరునామాలూ తెలుగులో ఉన్న ఇన్సర్ట్ దాదాపు 300 గుర్తులు దాటితే రెండు సందేశాలవుతుంది. అదే పొడవున్న ఇంగ్లిష్ ఇన్సర్ట్ ఒక్క దాంట్లో పట్టేస్తుంది. పలు లైన్ల క్వెరీలో రెండో లైను నుంచి పోస్ట్‌గ్రెస్ ముందు ఒక ట్యాబ్ పెడుతుంది, దాన్ని ఆర్‌సిస్‌లాగ్ #011 అని మార్చి రాస్తుంది. లాగ్‌లో ఎక్కడ చూసినా ఈ #011 ఏమిటని తల గోక్కున్నవాళ్లకి జవాబు అది.

హుక్ అనే లోపలి తలుపు

2012లో వచ్చిన 9.2 నుంచి ఎమిట్ లాగ్ హుక్ అని ఒకటుంది. సీ భాషలో ఎక్స్‌టెన్షన్ రాసి సర్వర్ లేచేటప్పుడే లోడ్ చేస్తే, ప్రతి లాగ్ సందేశం బయటికి పోయే ముందు ఆ ఫంక్షన్ చేతిలోకి వస్తుంది. టెక్స్ట్ కాదు, తీవ్రత, ఎర్రర్ కోడ్, క్వెరీ విడివిడిగా. కావాలంటే ఆ లైను సర్వర్ లాగ్‌లోకి పోకుండా ఆపొచ్చు కూడా.

శక్తి ఎంత ఎక్కువో ప్రమాదం అంత దగ్గర. ఈ కోడ్ నడిచేది క్వెరీ నడిపే ప్రాసెస్ లోపలే. ఇందులోంచి నెట్‌వర్క్‌లో అవతలివాడి జవాబు కోసం ఆగితే ఆ క్వెరీ ఆగుతుంది, ఇక పైపు నిండే దాకా కూడా అక్కర్లేదు. హుక్‌లోనే ఎర్రర్ వస్తే ఆ ఎర్రర్‌ని లాగ్ చేయడానికి మళ్లీ హుక్‌కే వస్తుంది, పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ల దొంతర ఐదు వరకే, దాటితే పానిక్, సర్వర్ మొత్తం క్రాష్. అందుకే ఇలాంటి ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్లకి జవాబు కోసం చూడని యూడీపీ లాంటివి నప్పుతాయి, పోతే పోయింది అనుకుని. మొత్తానికి ఇది డేటాబేస్ లోపల సీ కోడ్ రాసే అలవాటు ఉన్నవాళ్ల దారి, లాగ్ మళ్లించడానికి మొదటిసారి కూర్చున్నవాళ్లది కాదు.

ఫైలు ఎందుకు ఇంకా గెలుస్తోంది

ఇంత తిరిగి వచ్చాక ఫైలు దగ్గరికే చేరడం కాస్త చప్పగా అనిపించొచ్చు. కలెక్టర్ జేసన్ ఫైలు రాస్తుంది, ఫ్లుయెంట్ బిట్ లాంటి లాగ్ చేరవేసే ఏజెంటో సొంత ప్రోగ్రామో ఆ ఫైలును వెనకే చదువుతుంది, ఎక్కడిదాకా చదివిందో ఒక చోట రాసి పెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ గంటసేపు పడుకున్నా డేటాబేస్‌కి తెలియదు, లాగూ పోదు, లేచాక ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. 64 కేబీ ఉన్న చోట 50 జీబీ బఫర్ పెట్టుకున్నట్టు.

పోస్ట్‌గ్రెస్ బయటి ప్రోగ్రామ్‌ని పిలవడానికి ఇష్టపడని సర్వరేం కాదు. వాల్ (డేటా మార్పులన్నీ ముందుగా రాసుకునే చిట్టా) ఆర్కైవ్ కోసం ఆర్కైవ్ కమాండ్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా రాసుకోవచ్చు. అది ఫెయిలైతే సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఈలోపు 16 ఎంబీ సెగ్మెంట్లు డిస్క్ మీద పేరుకుంటాయి, క్వెరీలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. లాగ్‌కీ ఆర్కైవ్‌కీ తేడా ఇదే: అక్కడ ప్రోగ్రామ్‌కీ క్వెరీకీ మధ్య ముందే డిస్క్ ఉంది, ఇక్కడ లేదు. మై ఎస్‌క్యూఎల్ కూడా జనరల్ లాగ్, స్లో లాగ్‌లకు ఫైలు, టేబుల్ అనే రెండు చోట్లే ఇచ్చింది. 8.0లో ఎర్రర్ లాగ్‌కి మాత్రం జేసన్ లాంటి కాంపోనెంట్లు తగిలించుకునే వీలు పెట్టింది.

ఫైలుకీ లోపాలున్నాయి. డెబియన్ తరహాలో లాగ్‌రొటేట్ ఫైలును కాపీ చేసి అసలుదాన్ని ఖాళీ చేసే పద్ధతిలో, కాపీకీ ఖాళీ చేయడానికీ మధ్య పడిన లైన్లు పోతాయి. డిస్క్ నిండితే కలెక్టర్ కూడా లైన్లు పోగొడుతుంది, ఎప్పుడూ పోగొట్టదన్న మాట అక్కడితో సరి. లాగ్ డైరెక్టరీ, డేటా డైరెక్టరీ ఒకే పార్టిషన్‌లో ఉంటే వాల్ రాయలేక సర్వర్ పానిక్ అయి పడిపోతుంది, కాబట్టి లాగ్‌కి వేరే పార్టిషన్ అన్నది సలహా కాదు, అవసరం.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు జారిపడే చోట్లు

అన్నిటికంటే విచిత్రమైనది ఇది: లాగ్ లైన్లను అందుకుని అదే పోస్ట్‌గ్రెస్ సర్వర్‌లోని టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేసే ప్రోగ్రామ్. ప్రతి ఇన్సర్ట్ ఒక లాగ్ లైను పుట్టిస్తుంది, ఆ లైను ఇంకో ఇన్సర్ట్. అది చాలదన్నట్టు పైపు నిండితే డేటాబేస్ ప్రోగ్రామ్ కోసం, ప్రోగ్రామ్ డేటాబేస్ కోసం ఎదురు చూస్తూ నిలబడతాయి. పోస్ట్‌గ్రెస్ డెడ్‌లాక్ డిటెక్టర్‌కి ఇది కనిపించదు, దానికి తెలిసింది లోపలి లాక్‌లే.

సీఎస్‌వీ చదివేవాళ్లు కాలమ్‌ల సంఖ్యను నమ్ముకోకూడదు. 13లో బ్యాకెండ్ టైప్, 14లో లీడర్ ప్రాసెస్ నంబర్, క్వెరీ ఐడీ వచ్చి చేరాయి. అప్‌గ్రేడ్ చేసిన రాత్రి డేటాబేస్ బాగానే లేచి, లాగ్ ప్రోగ్రామ్ ఒక్కటే పడిపోతే చూడాల్సింది అక్కడ. డైనమిక్ లింకర్ ఎర్రర్లు, ఆర్కైవ్ కమాండ్ స్క్రిప్టు కక్కే మాటలు సీఎస్‌వీలోకీ జేసన్‌లోకీ రావు, స్టాండర్డ్ ఎర్రర్ ఫైల్లోకే పోతాయి, ఆ ఫైలునూ చదవాలి.

లాగ్‌లోకి వచ్చేది అందరూ చూడదగ్గది కాకపోవచ్చు. డీడీఎల్ (టేబుళ్లు, రోల్స్ లాంటివి సృష్టించే, మార్చే కమాండ్లు) లాగ్ చేసే సెట్టింగ్ పెట్టి, ఆల్టర్ రోల్‌తో పాస్‌వర్డ్ మారిస్తే ఆ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు లాగ్‌లో పడుతుంది. పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్ పీఎస్‌క్యూఎల్‌లోని పాస్‌వర్డ్ కమాండ్ వాడితే ముందే హ్యాష్ చేసి పంపుతుంది. షెల్ పైపు పద్ధతిలో ఈ ప్రోగ్రామ్ సర్వర్‌తో పాటే పోస్ట్‌గ్రెస్ యూజర్ కింద లేస్తుంది కాబట్టి, దానిలో ఉన్న ఏ కన్నమైనా నేరుగా డేటా ఫైళ్ల దాకా దారి.

ఆపేటప్పుడు ఇంకో చిక్కు. పోస్ట్‌గ్రెస్ కలెక్టర్ ఆగమనే సిగ్నల్స్ అన్నిటినీ పక్కన పెట్టి, రాసేవాళ్లంతా పోయాకే, పైపు ఖాళీ అయ్యాకే వెళ్తుంది. సొంత ప్రోగ్రామ్ కూడా అలాగే ఉండాలి. కానీ సిస్టమ్‌డీ కింద కిల్ మోడ్ మిక్స్‌డ్ అని ఉంటే, డాక్యుమెంటేషన్ ఉదాహరణలో ఉన్నది అదే, పోస్ట్‌మాస్టర్ వెళ్లిపోగానే ఆ సర్వీసులో మిగిలిన ప్రాసెస్‌లకి వెంటనే చంపేసే సిగ్‌కిల్ పోతుంది. పైపులో ఇంకా చదవని షట్‌డౌన్ లైన్లు దాంతోనే గాలికి పోతాయి.

ఇక ప్రోగ్రామ్ లోపల ఒక దారం చదవడం తప్ప ఇంకే పనీ పెట్టుకోకూడదు. చదివింది హద్దున్న క్యూలో వేయాలి, నెట్‌వర్క్ మాట్లాడేది ఇంకో దారం. క్యూ నిండితే పారేయాలి, ఎన్ని పారేసిందో లెక్క రాయాలి. ఆ పారేయడం ఇష్టం లేకపోతే ఆపడం ఇష్టమైనట్టే, అది ప్రోగ్రామ్ రాసేవాళ్లు కాకుండా డేటాబేస్ నడిపేవాళ్లు తేల్చాల్సిన విషయం. దానికంటే ముందు లాగ్ అంత అవసరమా అన్నదీ చూడాలి. ప్రతి స్టేట్‌మెంట్‌కి బదులు ఫలానా మిల్లీసెకన్లు దాటినవే లాగ్ చేయడం, 13 నుంచి వచ్చిన శాంపిల్ సెట్టింగ్‌లతో వందలో ఒకటి లాగ్ చేయడం, వీటితో సగం సమస్య పైపు దాకా రాకుండానే తీరిపోతుంది.

అమెజాన్ ఆర్‌డీఎస్ లాంటి మేనేజ్‌డ్ సర్వీసుల్లో ఈ ఎంపికలేవీ చేతిలో ఉండవు. సర్వర్ ప్రాసెస్ దగ్గరికే పోనివ్వరు. అక్కడ లాగ్ ఫైలు డిఫాల్ట్‌గా 4320 నిమిషాలు, అంటే 3 రోజులు ఉంటుంది, పెంచుకున్నా 7 రోజులే. అమెజాన్ లాగ్ సేవ క్లౌడ్‌వాచ్‌లోకి పంపించుకుని అక్కడి నుంచి సొంత ప్రోగ్రామ్‌కి తెచ్చుకోవాలి. 180 రోజుల నియమం వర్తించేవాళ్లు దీన్ని మొదటి వారంలోనే ఆన్ చేసుకోవడం మంచిది.

సొంత మెషీన్ మీద పైపు దారే ఖాయం చేసుకున్నవాళ్లకి ప్రొడక్షన్‌కి ముందు ఒక పరీక్ష మిగిలి ఉంది. టెస్ట్ సర్వర్‌లో లోడ్ నడుస్తుండగా లాగ్ ప్రోగ్రామ్‌ని ఉన్నచోటే ఆపే సిగ్‌స్టాప్ సిగ్నల్ పంపి, ఒక నిమిషం గడియారం చూసి, మళ్లీ నడిపించే సిగ్‌కాంట్ పంపాలి. ఆ నిమిషంలో అప్లికేషన్ వైపు ఎన్ని రిక్వెస్టులు టైమవుట్ అయ్యాయో, ఆ తర్వాత లాగ్‌లో ఎన్ని లైన్లు తగ్గాయో రెండూ రాసుకోవాలి.